నాలుగో నీళ్ల యుద్ధం

ఉత్తరాన టమోటా బుట్టల దొంతరలతో ఎర్రబారే మదనపల్లె, దక్షిణాన బెంగళూరు రైలు కోసం మెడ సాచి ఎదురుచూసే కుప్పం, నడుమ మనిషి నడుముదాకా కూడా రాని ఆవులతో భూగోళాన్ని వెక్కిరించే పుంగనూరు. ఈ మూడు పురాల మధ్యన, చౌడేపల్లె దారిలోని ఒక పల్లెలో, ఎండ ఇంకా పూర్తిగా కన్నెర్రజేయని ఒక ఫాల్గుణ మాసపు ఆదివారం, భోజనానంతర నిద్రాముద్రితమైన అపరాహ్ణవేళ, ఏ శంఖమూ మోగకుండా, ఏ భేరీ దద్దరిల్లకుండా, ఒక ముక్కుకూ ఒక ఆకుకూ నడుమ జరిగిన ఘోర సంగ్రామాన్ని ఇప్పుడు చెప్పబోతున్నాను. వినేవాళ్లు ముందుగా ముక్కు చీదుకొని కూర్చోవడం మంచిది.

ఆ ముక్కు వెంకటప్పది. క్షీరదోషభయంకరుడు, కలిపిననీళ్లగండడు, నాసికాసార్వభౌముడు అనే బిరుదులకు అతడు అర్హుడు. ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేనిస్తున్నాను. ఊరి పాలకేంద్రంలో నలభై ఏళ్లుగా అతడు క్యాను మూత ఎత్తేవాడు, మొహం వంచేవాడు, ఒక్క పీల్పు పీల్చేవాడు, తీర్పు చెప్పేవాడు. "ఇది వేపాకు మేసిన ఆవు." "ఇవి నిన్న సాయంత్రం పాలు, పొద్దున వాటిలో కలిపినావు." ఒకసారైతే, వరసలో నిలబడిన ఒకాయన తెచ్చిన క్యానులోకి వంగి, "నీళ్లు కలిపితే కలిపినావు గానీ, ఇవి నీ బోరు నీళ్లు గాదు గదప్పా, చెంగయ్య బోరువి" అన్నాడు. ఆ నిందితుడు ఆనాటి నుంచి నీళ్లు కలపడం మానలేదు గానీ సొంత బోరు వేయించుకున్నాడు. అంతటి భయం, అంతటి భక్తి ఆ ముక్కుమీద ఉండేవి.

నాలుగేళ్ల కింద ఆ కేంద్రంలోకి ఒక పెట్టె వచ్చింది. ముఖం లేదు, ముక్కు లేదు, ఒక గొట్టమూ కొన్ని ఎర్ర అంకెలూ తప్ప దానికి ఏ అవయవమూ లేదు. గొట్టాన్ని పాలలో ముంచితే కొవ్వు ఎంతో, నీళ్లెన్నో నిమిషంలో చెప్పేస్తుంది. వెంకటప్పను ఎవరూ పనిలోంచి తీసేయలేదు. తీసేసి ఉంటే పోరాడేవాడు. పక్కనే కూర్చోబెట్టి, గొట్టం ముంచమని చెప్పి, అతని తీర్పు అడగడం మానేశారు. మనిషిని ఓడించడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఇంకా కనిపెట్టలేదు. ఊడిన పన్ను చోటును నాలుక తడుముతున్నట్టు, ఎవరూ చూడనప్పుడు అతడు క్యానులోకి వంగి వాసన చూసేవాడు. చెప్పడానికి ఎవరూ లేరు గనుక ఆ వాసన అతని లోపలే ఉండి పులిసేది. ఈమధ్య అతనికి ఇంకో భయం పట్టుకుంది: అసలు ఈ ముక్కు ఇంకా పనిచేస్తోందా, లేక పనిచేస్తోందని తనే అనుకుంటున్నాడా?

అలాంటి వాడి ఇంటి ముందు ఆ ఆదివారం పదకొండు గంటలకు ఆటో దిగింది వాణి. కుప్పంలో ఇచ్చిన అతని చెల్లెలి కూతురు. బెంగళూరులో దేశదేశాల టీ ఆకులు అమ్మే ఒక పెద్ద అంగడిలో ఏడాదిగా పొట్లాలకు చీటీలు అంటిస్తోంది.

కాళ్లు కడుక్కోకముందే సంచిలోంచి రెండు కవర్లు తీసి అరుగుమీద పెట్టింది. ఒకదానిమీద ఒకటి అనీ, ఇంకోదానిమీద రెండు అనీ అంకెలున్నాయి. లోపల మిరియం గింజలకన్నా కాస్త పెద్దవి, ముదురాకుపచ్చ ఉండలు.

వెంకటప్ప భార్య చౌడమ్మ వంగి చూసి, "ఏం పాపా, అంత దూరం నుంచి మేక పెంటికలు తెచ్చినావా? మా దొడ్లో లేవా?" అంది.

"అత్తా, అది టీ! చైనా టీ! ఊలాంగ్ అంటారు."

"టీ అయితే పొడి గదా ఉండాల?"

"పొడి గాదు. ఆకును వాడబెట్టి, సగం మాగనిచ్చి, గుడ్డలో కట్టి నలిపి నలిపి ఉండ చేస్తారు. పూర్తిగా మాగనిస్తే మనం తాగే నల్ల టీ. అసలు మాగనీకపోతే పచ్చ టీ. ఇది రెండిటికీ నడాన ఉంటాది. వేడి నీళ్లు పోస్తే ఉండ విచ్చుకోని మళ్లా ఆకవుతాది. ఒకసారి పోసి పారెయ్యరు, అదే ఆకుమీద ఐదారు తూర్లు నీళ్లు పోస్తారు. తూరి తూరికీ రుచి మారతాది."

"ఐదారు తూర్లా! మీ అంగడి మేడం శానా పిసినారి మాదిరుండాదే."

వాణి ఆ మాట వదిలేసి మామ వైపు తిరిగింది. విషయం ఇది. ఆ కవర్లలోది జిన్ షువాన్ అనే జాతి చెట్టు ఆకు. తైవానులో పుట్టి, ఇప్పుడు చైనాలో ఫూజియన్ కొండలమీద కూడా పెరుగుతున్న చెట్టు. దాని ఆకుకు పుట్టుకతోనే పాలవాసన ఉంటుంది, ఎవరూ ఏమీ కలపరు. అందుకే పాల ఊలాంగ్ అంటారు. కానీ ఉత్త ఆకుకు పాలవాసన సెంటు కొట్టి అదే పేరుతో అమ్మేవాళ్లూ ఉన్నారు.

"ఈ రెండిట్లో ఒకటి నిజం, ఒకటి సెంటు. మేడంకు తెలుసు. నాకు పరీక్ష పెట్టింది మామా. ఎవుర్నైనా అడుక్కో, ఈ సాయంత్రం ఆరు లోపల అంకె మెసేజి పెట్టు అనింది. సరిగ్గా చెప్తే టేస్టింగు రూములోకి తీసుకుంటాది. తప్పయితే చీటీలే నాకు గతి. రెండు దినాలుగా వాసన సూస్తాండా. రెండూ పాలే కొడతాండాయి. నువ్వు పాలోడివి గదా, నువ్వు సెప్పాల."

అప్పుడు వెంకటప్ప హృదయకుహరంలో నాలుగేళ్లుగా నిద్రాణమై ఉన్న వీరరసం ఒక్కసారిగా జూలు విదిల్చి లేచింది. "ఓసి మేనకోడలా! యంత్రాధముని ఎర్రటి అంకెల కాంతిలో వెలవెలబోయిన ఈ నాసికా ఖడ్గమును నేడు ఒరనుండి దూయుచున్నాను! కపట సుగంధమా, ఎచట దాగెదవు? పర్ణమునందా, పరమాణువునందా? నలుబది సంవత్సరముల కల్తీదారులు ఏ ఉచ్ఛ్వాసమునకు వణికిరో, ఆ ఉచ్ఛ్వాసము ఇదే! కాచుకొనుము!" అని అతడు ప్రతిన పూనాడు.

ఇదంతా లోపల. బయటికి వచ్చింది మాత్రం, "సూద్దాం తీయ్. ముందు స్నానం చేసి రాపో."

వాణి స్నానానికి వెళ్లింది. వెంకటప్ప యుద్ధానికి ముందు ముక్కుకు విశ్రాంతి అవసరమని భోంచేసి నడుం వాల్చాడు. వాణి కూడా తిని, బస్సు బడలికకు చాపమీదే నిద్రపోయింది. మహాయుద్ధాల చరిత్రలో అసలు అనర్థాలన్నీ ఇలాంటి కునుకుల్లోనే జరిగాయి.

నాలుగు గంటలకు చౌడమ్మ అందరికీ టీ ఇచ్చింది. అల్లం, చక్కెర, చిక్కటి పాలు, గ్లాసులో తేలుతున్న ఏదో ఆకు. వాణి ఒక గుక్క తాగి, ఆకును వేలితో తీసి, చూసి, లేచి నిలబడింది.

"అత్తా. ఇది యాడిది?"

"నువ్వు తెచ్చిందే పాపా. గుప్పెడే వేసినా. గిన్నెలో అంతా పొంగి పొంగి చెంచలాకు కూర మాదిరైపోయింది. రుచే లేదు. ఏం టీనో ఏమో."

"ఏ కవర్లోది వేసినావు?"

"ఏ కవరేంది? రెండూ ఒకటే టీ గదా, యాల రెండు కవర్లని స్టీలు డబ్బాలో పోసి, బాగా కుదిపి పెట్టినా. కవర్లు కడిగి తీగమీద ఆరేసినా. మంచి కవర్లు, జిప్పు కూడా ఉండాది."

రెండు శత్రుసైన్యాలు ఒకే స్టీలు కోటలో, పొయ్యి గట్టు వేడిలో, ఒకరి వాసన ఒకరికి పూసుకొని గంటన్నరగా సహపంక్తి చేస్తున్నాయి.

"పాలెందుకు పోసినావత్తా? దీంట్లో పాలు పోయకూడదు!"

ఈ మాటతో అంతవరకూ నేరస్థురాలిగా ఉన్న చౌడమ్మ ఫిర్యాదిగా మారిపోయింది. "పాడి ఉండే ఇంట్లో పాలు లేని టీ ఇచ్చేది యాడైనా ఉండాదా? జరమొచ్చినోళ్లకు ఇస్తారు అట్లాంటిది. పక్కింటి బయ్యమ్మ సూస్తే ఏమనుకుంటాది? ఆవు వట్టిపోయిందని ఊరంతా సెప్పదా? పాలవాసన కావాలంటే పాలు పోసుకుంటే సరిపోయె. దానికి చైనా దాకా పోవాల్నా?"



వాణి గోడకానుకొని కూర్చుండిపోయింది. ఏడవలేదు. కుడిచేతి బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దుకోసాగింది. చీటీల జిగురు ఎండి అక్కడ చర్మం గరుకుతేలి ఉంది. వెంకటప్ప ఆ వేలిని చూశాడు. ఎందుకో అతనికి కేంద్రంలో తను పాలలో ముంచే గొట్టం గుర్తుకొచ్చింది.

"రెండిటికీ ఏమైనా తేడా ఉండిందా పాపా, కంటికి?" అన్నాడు.

వాణి తలెత్తింది. "ఒకటో దానికి కాడలుండాయి. ఉండకు చిన్న తోక మాదిరి. రెండోదానికి లేవు."

మాట పూర్తికాకముందే చౌడమ్మ చేట అందుకుంది. పాపం చేసిన చెయ్యే ప్రాయశ్చిత్తానికి పూనుకుంది. బియ్యంలో రాళ్లు ఏరడంలో ఆ తాలూకాలోనే సాటిలేని ఆ వేళ్లు తోక ఉన్నదాన్ని కుడికీ, లేనిదాన్ని ఎడమకూ విసురుతుంటే చూపు అందుకోలేకపోయింది. పావుగంటలో సైన్యాలు రెండు పళ్లేల్లో విడివిడిగా నిలిచాయి.

వెంకటప్ప ఒకటో పళ్లెం మీదికి వంగాడు. పీల్చాడు. రెండో పళ్లెం మీదికి వంగాడు. పీల్చాడు. మళ్లీ ఒకటి. మళ్లీ రెండు.

రెండూ ఒకటే. పాల బిస్కెట్టు పొట్లం అప్పుడే చించినంత గట్టి వాసన, రెండింట్లోనూ. ఉండలు విడిపోయాయి గానీ వాసన విడిపోలేదు. సెంటు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంది. దొంగ దొరలో కలిసిపోయాడు. మొదటి దాడిలోనే నాసికాసార్వభౌముడు వీపు చూపించాడు.

"ఏమప్పా, తెలీలేదా?" అంది చౌడమ్మ.

"ఉండుమే, కుయ్యో మొర్రో అనొద్దు" అన్నాడు. కానీ లోపల ఆ పాత భయం మళ్లీ లేచింది. పనిచేయడం లేదు. ఎప్పుడో ఆగిపోయింది. పెట్టె వచ్చిన రోజునే ఆగిపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ క్యానుల్లోకి వంగి పీల్చింది తన జ్ఞాపకాన్నే అయి ఉంటుంది.

వాణి వైపు తిరిగాడు. "ఐదారు తూర్లు నీళ్లు పోస్తారంటివే. యాల?"

"లోపల ఉండేది కొంచెం కొంచెం బయటికొస్తాది మామా."

"అయితే పైన అంటుకున్నది ముందు పోతాది గదా. పోయ్ నీళ్లు."

నీళ్లు మరగకూడదు, మరగబోయే ముందే దించాలని వాణి చెప్పింది. అంగడిలో దానికి ఒక వేడి కొలిచే పరికరం ఉందట. చౌడమ్మ నవ్వింది. పొంగబోయే ముందు గిన్నె మూలిగే మూలుగు వినడం ముప్పై ఏళ్ల విద్య. ఆమె చెవి ఒగ్గి, సరిగ్గా ఆ క్షణాన దించింది. రెండు ఒకేరకం స్టీలు గ్లాసులమీద సుద్దతో అంకెలు వేసి, తలా ఒక చెంచాడు ఉండలు వేసి, నీళ్లు పోసి, మూతలు పెట్టారు. వాణి ఫోనులో నిమిషం లెక్కపెట్టింది.

మొదటి నీళ్లు: రెండూ బిస్కెట్టే. పారబోశారు. రెండో నీళ్లు: రెండూ బిస్కెట్టే, కానీ కాస్త నీరసంగా. ఉండలు సగం విచ్చుకొని, ఒళ్లు విరుచుకుంటున్న పురుగుల్లా ఉన్నాయి. సమయం అయిదుంపావు.

మూడో నీళ్లు పోసి, మూత ఎత్తి, యోధుడు ముక్కు దించిన ఆ నిర్ణాయక క్షణాన, పడమటి గోడ అవతల నుంచి ఆగ్నేయాస్త్రం పడింది. బయ్యమ్మ తాలింపులో ఎండుమిరపకాయలు వేసింది. ఘాటు గోడ దూకి వచ్చి ముగ్గురినీ ఒకేసారి కమ్ముకుంది. వెంకటప్ప ఏడు తుమ్ములు తుమ్మాడు. ఏడో తుమ్ముకు చేతిలోని ఒకటో గ్లాసు మూత ఎగిరి పడింది.

"బయ్యమ్మా! ఏం తాలింపే అది, ఊరు దగ్ధం చేస్తాండావా?" అని అరిచింది చౌడమ్మ.

"ఉలవచారుకక్కా! మీకూ ఇస్తాలే, గిన్నె పంపు!" అంది గోడ అవతలి గొంతు, శత్రువుకు ఉండకూడనంత ప్రేమతో.

మూడో నీళ్లను అలా వాసన చూడకుండానే పారబోశారు. ఇల్లంతా మిరప. అరుగుమీద మిరప. వీధిలో ఎవరో చెత్త తగలబెడుతున్నారు. ముందు గదిలో అగరొత్తి. వాణి ఫోను చూసుకుంది. అయిదూ ముప్పై అయిదు.

"మామా, ఇంగ వద్దులే. ఏదో ఒక అంకె పెట్టేస్తా."

వెంకటప్ప రెండు గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకొని, వేడి నీళ్ల చెంబు తెమ్మని తలతోనే సైగ చేసి, పెరట్లోని ఆవుల కొట్టంలోకి నడిచాడు.

"అయ్యో రామా, పేడ కంపులో ఏం వాసన సూస్తావయ్యా!" అంది చౌడమ్మ వెనకనుంచి.

కానీ అదే అతని వ్యూహం. మనిషి ముక్కుకు ఒక బలహీనత ఉంది: తను నివసించే వాసనను అది మరచిపోతుంది. ఇతరులకు ఆ కొట్టం పేడ, మూత్రం, తడిగడ్డి, దూడ నోటి చొంగ. వెంకటప్పకు అక్కడ ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచి అందులో ఉన్నాడు గనుక అతని ముక్కుకు అది పరిపూర్ణ నిశ్శబ్దం. ఋషులు హిమాలయాలకు ఎందుకు పోతారో అతను గడ్డివాము పక్కన గోనెసంచి మీద అందుకే కూర్చున్నాడు.

నాలుగో నీళ్లు పోసింది వాణి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని చౌడమ్మ గుంజ దగ్గర నిలబడింది. నిమిషం గడిచింది.

ఒకటో గ్లాసు మూత తీశాడు. వంగాడు. చాలా దూరం నుంచి, గోడ అవతల మాట్లాడుతున్నట్టు, సన్నగా ఒక వాసన. పిల్లల పుట్టినరోజు కేకు పెట్టెలో కేకు అయిపోయాక మిగిలే వాసన. అది పైన అంటినది కాదు. పైన అంటినదైతే మూడు నీళ్లకు కడుక్కుపోయేది. లోపలికి ఇంకినది.

రెండో గ్లాసు మూత తీశాడు. వంగాడు. పీల్చాడు.

ఏమీ లేదు.

ఇంకోసారి పీల్చాడు. వేడి తగిలింది, అంతే. పాలు లేవు, బిస్కెట్టు లేదు, ఆకు లేదు. మూడోసారీ పీల్చాడు. కాబట్టి నిజమే, కేకులాంటి ముతక వాసనకు తప్ప ముక్కు చచ్చిపోయింది. ఆ కేకు సెంటైతే నిజమైన పాలవాసన ఈ గ్లాసులో ఉండాలి, ఉంటే తనకు తెలియాలి, తెలియడం లేదు. పక్కన ఆవు నెమరువేస్తూ అతన్ని చూసింది. ఆ చూపులో జాలి ఉన్నట్టు అతనికి అనిపించింది. ఆవుల చూపులో అందరికీ అలాగే అనిపిస్తుంది.

అప్పుడు, ఓటమిని ఒప్పుకోవడానికి నోరు తెరిచిన మనిషి ఆ తెరిచిన నోటితోనే ఆగిపోయాడు.

నలభై ఏళ్లలో తను ఏనాడైనా పాలవాసన చూశాడా? వేపాకు వాసన చూశాడు. చెంగయ్య బోరు వాసన చూశాడు. పులుపు, పాచి, క్యాను తుప్పు చూశాడు. మంచి పాలు వచ్చినప్పుడు ఏం చేసేవాడు? ఏమీ తగలకపోతే చెయ్యి ఊపి, పోనీ అనేవాడు. ఆ చెయ్యి ఊపడమే అతని అత్యున్నత ప్రశంస. అతను వాసన చూసింది పాలను కాదు, పాలలోని తప్పును. ఈ కొట్టం ఎంత నిశ్శబ్దమో పాలూ అతనికి అంతే నిశ్శబ్దం.

"రెండు" అన్నాడు.

"రెండోదాంట్లో పాలవాసన వస్తాండాదా మామా?"

"లే. ఏమీ రాలా."

"మరి?"

"ఒకటోదాంట్లో వస్తాండాది. వాసన వస్తే తప్పుండాదని అర్థం. నాకు తగిలిందంటే అది పాలు గాదు. రెండోదాంట్లో నాకు తప్పు యాడా దొరకలా. అది నిజం పాలు." ఒక గుక్క తాగాడు. మింగాడు. ఆగాడు. "గొంతులో తియ్యగుండాది. మింగినాక వెనక్కి వస్తాండాది."

వాణి కళ్లు పెద్దవయ్యాయి. మింగాక గొంతులో తిరిగి వచ్చే తీపి మంచి ఊలాంగ్ లక్షణమని మేడం పదిసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆమె తల ఊపింది గానీ ఏనాడూ తెలియలేదు. గ్లాసులు రెండూ లాక్కొని, కొట్టం దాటి, పెరడు దాటి, మిరపఘాటు అందని కానుగచెట్టు దగ్గరికి పరుగెత్తింది. వాళ్లకు ఆమె వీపే కనిపించింది. ఒకసారి వంగింది. ఇంకోసారి వంగింది. తర్వాత చాలాసేపు వంగే ఉంది.

"అత్తా!" అని అరిచింది అక్కడినుంచే. "మీగడ! కాగి, చల్లారి, మీగడ కట్టిన పాలు! నాకైతే ఒకటోది ఉత్త వేడి నీళ్లే!"

అయిదూ యాభై రెండుకు మెసేజి వెళ్లింది. ఒకే అంకె. అయిదూ యాభై ఎనిమిదికి జవాబు వచ్చింది. వాణి చదివింది: "కరెక్ట్. రేపు పదింటికి టేస్టింగ్ రూముకు వచ్చేయ్. ఎట్లా కనుక్కున్నావ్?"

వాణి ఆ చివరి ప్రశ్నకు ఏం రాయాలో తెలియక మామ వైపు చూసింది. ఆవుల కొట్టంలో, ఏమీ వాసన రానందువల్ల, అని రాస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. "మా మామ చెప్పినాడు" అని రాసింది.

వెంకటప్ప మాత్రం గోనెసంచి మీదినుంచి లేవలేదు. అతని లోపల భేరీలు మోగాల్సిన చోట ఒక చిన్న ప్రశ్న కూర్చుని ఉంది. గెలిచిన ఆ పాలవాసనను తను చూడనేలేదు. గడ్డిపరక ఒకటి నమిలి, ఎటో చూస్తూ అడిగాడు.

"ఏమ్మే. పాలవాసన ఎట్లుంటాది?"

చౌడమ్మ ముక్కుమీది కొంగు తీసేసింది. "ఎట్లుండేదేంది? నీ మాదిరే ఉంటాది. ముప్పై ఏండ్లుగా పక్కన పండుకుంటాండా, నాకు తెలీదా?"

ఈ విధంగా, శాలివాహన శకంలో ఇంకెవ్వరూ కోరుకోని రెండు అనే అంకెను అర గ్లాసు నీళ్ల రణరంగంలో గెలుచుకొని, ఒక మేనకోడలి చూపుడువేలిని జిగురునుంచి విముక్తం చేసి, ఆ ఘ్రాణవీరుడు తన చొక్కా కాలరును ముక్కు దాకా ఎత్తి, కళ్లు మూసుకొని, నిండుగా పీల్చాడు. ఏమీ రాలేదు. పోనీ అన్నట్టు చెయ్యి ఊపాడు.